బీకర్లో ఉప్పు గడ్డలు పెంచితే ఉద్యోగమొస్తుందా?

ఉప్పల్ నుంచి ఒక తండ్రి అడిగారు: మా అమ్మాయి ఎమ్మెస్సీ ఫిజిక్స్ అయింది, పీహెచ్‌డీకి సెమీ ఆర్గానిక్ స్ఫటికాల టాపిక్ ఇస్తామంటున్నారు, బీకర్లో ఉప్పు గడ్డలు పెంచుకుంటూ కూర్చుంటే ఉద్యోగం వస్తుందా?

సార్, ఉప్పు గడ్డలంటే అమ్మాయికి కోపం రావచ్చు గానీ పని మొదలయ్యేది అలాగే. థయోయూరియా, జింక్ సల్ఫేట్ లాంటివి నీళ్లలో కరిగించి, వడకట్టి, చిల్లులు పెట్టిన కవర్ కట్టి, కదపకుండా వారాల తరబడి ఆగడం. సెమీ ఆర్గానిక్ అంటే ఆర్గానిక్ (కార్బన్) పదార్థం, లోహపు లవణం కలిసి ఏర్పడ్డ స్ఫటికం. ఆర్గానిక్ భాగం వల్ల అది లేజర్‌కి బాగా స్పందిస్తుంది, లోహపు లవణం వల్ల గట్టిదనం, వేడిని తట్టుకునే గుణం వస్తాయి. కంటికి కనిపించని 1064 నానోమీటర్ల లేజర్ పంపితే 532 దగ్గర పచ్చటి వెలుగు బయటికొస్తుంది, అది ఎంత వచ్చిందో కేడీపీ అనే ప్రామాణిక స్ఫటికంతో పోల్చి చెబుతారు.

ఈ రంగంలో ఒక జబ్బుంది, అది మీకు ముందే చెప్పాలి. గ్లైసిన్ అనే అమైనో ఆమ్లంలో ఏదో ఉప్పు కలిపి పెంచుతారు, తీరా వచ్చింది ఉత్త గ్లైసినే అయినా కొత్త పేరు పెట్టి పేపర్ వేసేస్తారు. గ్లైసిన్‌లోనే గామా అనే స్ఫటిక రకం కూడా పచ్చ వెలుగు ఇస్తుంది కాబట్టి లేజర్ పరీక్ష పాసైపోతుంది! అందుకే గైడ్‌ని అమ్మాయి అడగాల్సిన మొదటి ప్రశ్న, సింగిల్ క్రిస్టల్ ఎక్స్‌ఆర్‌డీ ఎక్కడ చేయిస్తారు అని. ఎక్స్ కిరణాలతో స్ఫటికం లోపలి అమరిక చూపి, వచ్చిందేమిటో తేల్చేది ఆ పరీక్షే. "ఎఫ్‌టీఐఆర్ చాలమ్మా" అంటే (అది రసాయన బంధాలను చూపే పరీక్ష మాత్రమే) వేరే గైడ్‌ని చూసుకోమనండి. ఉష్ణోగ్రత నిలకడగా ఉంచే బాత్ (నీటి తొట్టి) ఉందో లేదో కూడా కళ్లతో చూసి రావాలి, మన మే నెల ఎండల్లో మామూలు గదిలో పెంచడం నరకం.

ఇక ఉద్యోగం. లేజర్ స్ఫటికాల మీదే పోస్టులు తక్కువ, దాచను. కానీ మందు ఏ స్ఫటిక రూపంలో ఉందో తేల్చడానికి హైదరాబాద్ ఫార్మా ల్యాబుల్లో వాడేవీ ఈ పనిలో వాడే పౌడర్ ఎక్స్‌ఆర్‌డీ, టీజీఏ (వేడి చేస్తూ బరువులో మార్పు కొలిచేది) మిషన్లే. సాంపిల్ ఇచ్చి రిపోర్ట్ తెచ్చుకునే పీహెచ్‌డీ అయితే ఇంటర్వ్యూలో దొరికిపోతుంది, మిషన్ ముందు తనే కూర్చుని గ్రాఫ్ చదవడం నేర్చుకుంటే తలుపు తెరుచుకుంటుంది.

డబ్బు సంగతికొస్తే, సీఎస్‌ఐఆర్ నెట్‌లో జేఆర్‌ఎఫ్ ఫెలోషిప్ వస్తే నెలకి 37,000 రూపాయలు, పైన హెచ్‌ఆర్‌ఏ. అది రాకుండా, ఫెలోషిప్ లేకుండా చేరతానంటే మాత్రం నేను వద్దంటాను. ఇంకోసారి నెట్ రాసి, అప్పుడు ఆ ల్యాబ్‌కి వెళ్లమనండి.