మూడో సీజన్ దాకా ఆగాలా?

ప్రశ్న: మేడమ్, ‘స్టార్ ట్రెక్: ద నెక్స్ట్ జనరేషన్’ అనే అమెరికన్ అంతరిక్ష సీరియల్ మొదలుపెట్టి, మొదటి సీజన్ సగంలో ఆపేశాను. మా అబ్బాయి మూడో సీజన్ దాకా ఓపిక పట్టమంటున్నాడు. అదే అంతరిక్ష ఓడ, దాదాపు అదే నటులు. అంత తేడా ఎలా వస్తుంది? మొదటి రెండు సీజన్లు వదిలేయవచ్చా?
– ఒక పాఠకురాలు, కాకినాడ

జవాబు: మీ అబ్బాయి చెప్పింది నిజం. నేను టీవీ సీరియళ్లకు సీన్లు రాసే పనిలో ఉన్నదాన్ని. ఇలాంటి తేడా కనిపిస్తే ముందు రాసినవాళ్లెవరో చూస్తాను. ఇక్కడ జవాబు అక్కడే ఉంది.

1987లో సీరియల్ మొదలైనప్పుడు సృష్టికర్త జీన్ రాడెన్‌బెరీ ఒక నియమం పెట్టారు. 24వ శతాబ్దం నాటికి మనుషులు చిల్లర గొడవలు దాటేసి ఉంటారు, కాబట్టి ఓడ సిబ్బంది తమలో తాము పోట్లాడుకోకూడదు. ఆశయం గొప్పదే. కానీ ఇద్దరి మధ్య పేచీ లేకుండా సీన్ నడపడం నరకం. డి.సి. ఫాంటానా, డేవిడ్ జెరాల్డ్ లాంటి అనుభవజ్ఞులు మొదటి సీజన్‌లోనే వెళ్లిపోయారు. 1988లో రచయితల సమ్మె. దాంతో రెండో సీజన్ 26 ఎపిసోడ్ల నుంచి 22కి తగ్గింది. 1970ల నాటి స్క్రిప్టు దుమ్ము దులిపి ఆరంభ ఎపిసోడ్ చేశారు, చివరిదాన్ని పాత సీన్లతో నింపేశారు.

1989లో, మూడో సీజన్ మొదట్లో, రచయితల బృందాన్ని నడిపించడానికి మైకేల్ పిల్లర్ వచ్చారు. ఏ కథ తెచ్చినా ఆయన చూసింది ఒకటే: ఇది ఓడలో ఎవరి కథ? వింత గ్రహాలన్నీ ఆ తర్వాతే. బయటివాళ్లు పంపే స్క్రిప్టులూ చదివించారు. రొనాల్డ్ మూర్ అలా వచ్చినవాడే. అతని ‘ద బాండింగ్’లో ఒక పిల్లవాడి తల్లి చనిపోతుంది. ఆ కాలపు పిల్లలు చావుకి ఏడవరని రాడెన్‌బెరీ అభ్యంతరం. పిల్లర్ వాదనకు దిగలేదు, ఆ అభ్యంతరాన్నే కథ చేశారు. పిల్లవాడు ఏడవడు, బాగానే ఉన్నానంటాడు. లోపల బిగబట్టిన ఆ దుఃఖం ఎలా బయటికొస్తుందన్నదే ఇక ఎపిసోడ్. నియమం మారలేదు, రచన మారింది. నేను ఇప్పటికీ కొత్తగా రాసేవాళ్లకు చెప్పే ఉదాహరణ ఇదే.

నాలుగో సీజన్‌లో ‘ఫ్యామిలీ’ తప్పక చూడండి. శత్రువుల చేతిలో నలిగిన కెప్టెన్ పికార్డ్ ఫ్రాన్స్‌లో అన్నగారి ద్రాక్షతోటకు వెళ్లి, బురదలో కూర్చుని ఏడుస్తాడు. యుద్ధం లేదు, తుపాకీ లేదు. గొంతు పూడుకుపోతుంది.

ఏడో సీజన్‌లో మళ్లీ తడబాటు కనిపిస్తుంది. అప్పటికే ‘స్టార్ ట్రెక్’ పేరుతోనే మరో సీరియల్ ‘డీప్ స్పేస్ నైన్’ నడుస్తోంది, ఇంకోటి ‘వాయేజర్’ తయారవుతోంది, రచయితలు మూర్, బ్రానన్ బ్రాగా స్టార్ ట్రెక్ సినిమా స్క్రిప్టు కూడా రాస్తున్నారు. ఓడ డాక్టరు తన అమ్మమ్మగారి కొవ్వొత్తిలోని ప్రేతాన్ని ప్రేమించే ‘సబ్ రోసా’ లాంటివి ఆ అలసటలోంచే వచ్చాయని నా నమ్మకం.

ఇక వదిలేసే సంగతి. మూడో సీజన్‌కి వెళ్లిపోండి, కథ అర్థమవుతుంది. వెళ్లేముందు మాత్రం రెండో సీజన్‌లో రెండు చూడండి. ఒకటి ‘ద మెజర్ ఆఫ్ ఎ మ్యాన్’. యంత్రమానవుడు డేటా ఒక ఆస్తా, వ్యక్తా అని విచారణ జరుగుతుంది. రాసిన మెలిండా స్నాడ్‌గ్రాస్ ఒకప్పుడు లాయరు. అందుకే వాదనలు అంత పదునుగా ఉంటాయి. రెండోది ‘క్యూ హూ’, బోర్గ్ శత్రువులు మొదట కనిపించేది అందులోనే. మొదటి సీజన్ ఆరంభ ఎపిసోడ్ మీరు చూసేశారు కాబట్టి ఇబ్బంది లేదు. 1994 నాటి ముగింపు ఎపిసోడ్ ఆ ఆరంభ ఎపిసోడ్‌లోని విచారణనే మళ్లీ అందుకుంటుంది.