రెయిలింగు మింగిన నిమిషం

విశాఖపట్నం,
ఆదివారం

చిరంజీవి అమ్మడుకి,

మామయ్య ఆశీస్సులు. నువ్వు పంపిన మెసేజి నిన్న రాత్రి చదివాను. మీ డిజైన్ ఆఫీసుకు ప్రయాణికుల ఓడ ఒకటి వచ్చిందని, ప్రమాదం జరిగితే అందులోని జనం ఎంతసేపట్లో బయటపడతారో లెక్కగట్టే పని నీ నెత్తిన పడిందని రాశావు. ఫోనులో నాలుగు ముక్కలు చెప్పి ఊరుకోవచ్చు గానీ, ఇది అలా తేలే పని కాదు. ఈ కాలంలో ఉత్తరాలేమిటని మీ అత్తయ్య నవ్వుతూనే కాఫీ పెట్టి వెళ్లింది. నేను తీరిగ్గా రాస్తున్నాను, నువ్వూ తీరిగ్గా చదువు.

సాఫ్ట్‌వేర్ అప్పుడే తెరవకు. ముందు జీఏ డ్రాయింగు, అంటే ఓడలో గదులూ దారులూ ఎక్కడున్నాయో చూపే నక్షా, ఒక్కో డెక్కుకు ఒక్కో పెద్ద కాగితం చొప్పున ప్రింటు తీసి నేల మీద పరుచుకో. రంగు పెన్సిలుతో ప్రతి కేబిన్ల వరుస నుంచీ, ప్రతి హాలు నుంచీ, ప్రమాదంలో జనం వచ్చి చేరాల్సిన అసెంబ్లీ స్టేషను దాకా గీత గీయి. రెండు గీతలు కలిసిన చోటల్లా సున్నా చుట్టు. మూడు కలిస్తే ఎర్ర సున్నా. చివర వచ్చే మొత్తం నిమిషాల మీదే మీ మేనేజరు కన్ను ఉంటుంది. నీ కన్ను మాత్రం ఆ సున్నాల మీద ఉండాలి. మొత్తం నిమిషాలు గట్టెక్కి, ఒక్క మెట్ల మలుపులో జనం ఇరుక్కుపోయే ఓడలు నేను చూశాను.

నిబంధనల సంగతి క్లుప్తంగా చెబుతాను, కాలేజీలో చదివే ఉంటావు. 1994 సెప్టెంబరు 28న బాల్టిక్ సముద్రంలో ఎస్టోనియా అనే ఓడ మునిగి 852 మంది పోయాక, ఇలాంటి ఓడల లోపలి దారుల మీద ప్రపంచానికి పట్టింపు పెరిగింది. వాహనాలను కూడా ఎక్కించుకునే రో-రో ప్రయాణికుల ఓడలకు, 1999 జులై 1 నుంచి కట్టేవాటికి, ఈ లెక్క తప్పనిసరి అయింది. 2020 జనవరి 1 నుంచి కట్టే ఓడల్లో 36 మందికి మించి ప్రయాణికులను తీసుకెళ్లే ప్రతిదానికీ వర్తింపజేశారు. లెక్క ఎలా వేయాలో అంతర్జాతీయ సముద్రయాన సంస్థ ఐఎంఓ 2016లో ఇచ్చిన 1533 సర్క్యులర్‌లో ఉంది. మన రేవు నుంచి అండమాన్ వెళ్లే ఓడ దేశం దాటదు కాబట్టి, సముద్రంలో ప్రాణరక్షణకు దేశాలు చేసుకున్న ఒప్పందం సోలాస్ దానికి తనంత తానుగా వర్తించదు, మన చట్టమూ, ఓడలను నియంత్రించే కేంద్ర కార్యాలయం డీజీ షిప్పింగూ చెప్పిందే నడుస్తుంది. ఆ మాట పట్టుకుని ఎవరైనా "అయితే ఇంత లెక్క ఎందుకు" అంటే వినకు. బంగాళాఖాతానికి ఆ తేడా తెలియదు.

ఇక అసలు లెక్క. అలారం మోగాక జనం కదలడానికి పట్టే స్పందన సమయానికి, అసెంబ్లీ స్టేషనుకు చేరే నడక సమయాన్ని కలిపి 1.25తో హెచ్చించాలి. బోట్లు ఎక్కించి నీళ్లలోకి దించే సమయంలో మూడింట రెండు వంతులు దానికి చేర్చాలి. రో-రో ఓడకైనా, మూడు నిలువు జోన్లకు (మంటలు పాకకుండా ఓడను విడదీసిన భాగాలకు) మించని మామూలు ప్రయాణికుల ఓడకైనా ఈ మొత్తం 60 నిమిషాలు దాటకూడదు. జోన్లు అంతకు మించితే 80 నిమిషాలు. దీన్ని వెనక నుంచి లెక్కించి చూడు, నీ చేతిలో ఎంత ఉందో అర్థమవుతుంది. బోట్లకు గరిష్ఠంగా ఉన్న 30 నిమిషాలూ ఇచ్చేస్తే అందులో మూడింట రెండు వంతులు 20. మిగిలిన 40ని 1.25తో భాగిస్తే 32. చేత్తో వేసే సరళ పద్ధతిలో రాత్రి వేళ స్పందనకు 10 నిమిషాలు పోతాయి. అంటే గాఢనిద్రలోంచి లేచిన జనం నడవడానికి నీకు మిగిలింది 22 నిమిషాలు. పగటికైతే స్పందన 5 కనుక 27. ఈ 22 అన్న అంకెను కాగితం మీద పెద్దగా రాసి నీ బల్ల ముందు అంటించుకో.

ఆ 22 ఎలా కరిగిపోతుందో ఒక ఉదాహరణ చెబుతాను. గోడకూ గోడకూ మధ్య 1.6 మీటర్లున్న మెట్లదారి అనుకో. రెండు పక్కలా రెయిలింగు, ఒక్కొక్కటి బ్రాకెట్టుతో సహా 10 సెంటీమీటర్లు లోపలికి వస్తుంది. సర్క్యులర్ అడిగేది రెయిలింగుల మధ్య మిగిలే ఖాళీని, అంటే 1.4 మీటర్లు. మెట్లు దిగే జనానికి మీటరు వెడల్పుకు సెకనుకు 1.1 మంది అన్నది పరిమితి. ఆ మెట్లదారిలో 300 మంది దిగాలంటే 1.4 చొప్పున 195 సెకన్లు పడుతుంది. పొరపాటున 1.6 వేస్తే 170 సెకన్లే వస్తుంది. పాతిక సెకన్లే కదా అనిపిస్తుంది. కానీ సరళ పద్ధతిలో ఆ సమయాన్ని దిద్దుబాటు కోసం 2.3తో హెచ్చిస్తాం, ఆపైన 1.25 ఉండనే ఉంది. తేడా 70 సెకన్లకు చేరుతుంది. రెయిలింగు ఒక నిమిషాన్ని మింగేసిందన్నమాట! ఇదే పొరపాటు నాలుగు మెట్లదారుల్లో చేసినవాళ్లు నాకు తెలుసు. వాళ్లలో మొదటివాడిని నేనే. అప్పట్లో నా పైఅధికారి నన్ను తిట్టలేదు. టేపు చేతికిచ్చి, సగం కట్టిన ఓడలోకి పంపించాడు. వెల్డింగు వాసనలో, ఎత్తు సరిపోక నడుం వంచి, ఒక్కో మెట్లదారి కొలుచుకుంటూ వచ్చాను. డ్రాయింగులో లేని మంటలార్పే సిలిండరు పెట్టె ఒకచోట దారిలోకి పొడుచుకొచ్చి కనిపించింది. అప్పటి నుంచి కొలవని వెడల్పును నమ్మడం మానేశాను. నీ ఓడ ఇంకా కాగితం మీదే ఉంది కాబట్టి రెయిలింగు వివరాలున్న డ్రాయింగు వేరుగా అడిగి తెప్పించుకో.

తలుపుల లెక్క మీద ఇంకొంచెం కూర్చో. మెట్లదారి నుంచి అసెంబ్లీ స్టేషనుకు వెళ్లే తలుపుల మొత్తం వెడల్పు, ఆ డెక్కుకు వచ్చే మెట్ల మొత్తం వెడల్పుకు తగ్గకూడదని ఓడల అగ్నిభద్రతా నియమావళి అయిన ఎఫ్‌ఎస్‌ఎస్ కోడ్ చెబుతుంది. డ్రాయింగులో అది సరిగ్గానే ఉంటుంది. కానీ ఒకసారి నేను ఎక్కిన ఓడలో అలాంటి రెండు రెక్కల తలుపు ఉంది, ఒక్కో రెక్క 70 సెంటీమీటర్లు. ఏసీ చల్లదనం బయటికి పోతోందని అక్కడి కుర్రవాళ్లు ఒక రెక్కకు గడియ పెట్టేశారు. పాపం, వాళ్ల దృష్టిలో అది మంచి పనే. ఇప్పుడు లెక్క వేయి. తలుపుకు పరిమితి మీటరుకు సెకనుకు 1.3 మంది. ఒక్క రెక్కలో 0.91 మంది దూరతారు, మెట్ల మీద నుంచి 1.54 మంది వస్తూనే ఉంటారు. ఆ 300 మందిలో చివరివాడు దిగే సమయానికి దాదాపు 120 మంది తలుపు ముందు, మెట్ల మీద ఇరుక్కుని నిలబడి ఉంటారు. సర్క్యులర్ దృష్టిలో రద్దీ అంటే చదరపు మీటరుకు 3.5 మంది ఉండటమో, వచ్చేవాళ్లకూ పోయేవాళ్లకూ మధ్య తేడా సెకనుకు 1.5 మంది దాటడమో. ఇక్కడ తేడా 0.63 మాత్రమే కాబట్టి రెండో కొలతకు ఈ తలుపు చిక్కదు. అందుకే రిపోర్టులో "రద్దీ లేదు" అని రాసేముందు క్యూ ఎంత పొడవు పెరుగుతుందో విడిగా వేసుకో. రెండు రెక్కలూ తెరిచి ఉంటేనే ఈ ఫలితం చెల్లుతుందని ఒక వాక్యం రాసి పెట్టు. కెప్టెను చేతికి వెళ్లే కాగితాల్లో ఆ వాక్యం ఉండాలి.

లెక్కలోని మనుషుల గురించి కూడా తెలుసుకో. కంప్యూటర్‌లో ఒక్కో మనిషినీ విడిగా నడిపించే పద్ధతిలో ప్రయాణికుల్లో 72 శాతం మందిని 50 ఏళ్లు దాటినవాళ్లుగా, మొత్తంలో 40 శాతం మందిని నడక కష్టమైనవాళ్లుగా తీసుకోమంటారు. యాభై దాటిన ఆడవాళ్ల నడక సెకనుకు 0.56 నుంచి 0.94 మీటర్లు. ఇది చదివి మీ అత్తయ్య కోప్పడింది, తన నడక వేగం ఎక్కువేనట. పట్టికలో పిల్లలకంటూ వేరే వరుస లేదు. కుటుంబం కలిసి కదులుతుందన్న సంగతీ, పొగ, ఓడ ఒరగడం వంటివీ అందులోకి నేరుగా రావు. వాటన్నిటికీ కలిపే ఆ 1.25 పెట్టారు.

ఈ అంకెలు కంటికి కట్టాలంటే పొద్దున్నే గోదావరి ఎక్స్‌ప్రెస్ వచ్చే వేళకు మన రైల్వే స్టేషనుకు వెళ్లు. ఫుట్ ఓవర్ బ్రిడ్జి మెట్ల కింద నిలబడి, ఫోనులో గడియారం పెట్టుకుని, ఒక నిమిషంలో ఎంతమంది దిగారో లెక్కపెట్టు. 1.1 అంటే మీటరు వెడల్పుకు నిమిషానికి 66 మంది. సూట్‌కేసు మెట్టు మెట్టుకూ దించే పెద్దాయన వెనక ఆ ప్రవాహం ఎలా నలిగిపోతుందో నీకే కనిపిస్తుంది. సింహాచలం మెట్ల మీదా చూడవచ్చు. పిల్లవాడు ఏడిస్తే తల్లి ఆగుతుంది, ఆమెతోపాటు ఇద్దరు పెద్దవాళ్లు ఆగుతారు, వెనకవాళ్లంతా ఆగుతారు.

ఎదురు నడక ఇంకో చిక్కు. ఒక డ్రిల్లులో నేను కళ్లారా చూశాను. పగటిపూట, జనం భోజనాల హాల్లో ఉన్నారు. లైఫ్ జాకెట్లేమో కింద కేబిన్లలో. అలారం మోగగానే బుద్ధిమంతులంతా జాకెట్ల కోసం కిందికి దిగడం మొదలుపెట్టారు, కిందివాళ్లు పైకి వస్తున్నారు. మెట్ల మధ్యలో రెండు ప్రవాహాలూ ఢీకొని ఎవరూ కదలలేదు. హాళ్ల నుంచి అసెంబ్లీ స్టేషనుకు నేరుగా వెళ్లే దారికి కేబిన్లు దూరంగా ఉంటే, ఆ ప్రయాణికుల కోసం అదనపు జాకెట్లను హాళ్లలోనో, అసెంబ్లీ స్టేషన్లలోనో, ఆ మధ్య దారిలోనో ఉంచాలని సోలాస్ మూడో అధ్యాయంలో రాసింది ఇందుకే. నీ డ్రాయింగులో ఆ పెట్టెలు ఎక్కడ పెట్టారో చూడు. పెట్టె తెరిచి పంచుతుంటే దారి మూసుకుపోయే చోటైతే మార్చమని అడుగు.

మెట్లదారి ఒకటి మూసుకుపోతే ఏమవుతుందన్న లెక్కను మొక్కుబడిగా చేయకు. ఎక్కువ సమయం పట్టే జోన్‌లో ఎక్కువ మందిని మోసే మెట్లదారినే మూయాలి, వీలైనదాన్ని కాదు.

స్పందన సమయానికి 10 అని రాసేటప్పుడు చెయ్యి ఒక్క క్షణం ఆగాలి. 2012 జనవరి 13 రాత్రి ఇటలీ తీరంలో కోస్టా కాంకోర్డియా అనే ప్రయాణికుల ఓడ బండను రాసుకున్నాక, ఓడ వదలమన్న ఆజ్ఞ రావడానికి గంటకు పైగా పట్టింది. 32 మంది పోయారు. ఆ గంట నీ సూత్రంలో ఎక్కడా లేదు. అందుకే ఫలితం 59 వచ్చిందని మీ ఆఫీసులో చప్పట్లు కొడితే నువ్వు కొట్టకు. 59 వచ్చిన ఓడలో ఏ తలుపు వెడల్పు పెంచితే 52 అవుతుందో చూపించు. ఉక్కు కోయకముందు ఆ మార్పు కాగితం మీద గీత. కోశాక అడిగితే నిన్నే కోస్తారు.

వచ్చే శనివారం డ్రాయింగులు చుట్టి పట్టుకుని రా. నువ్వు ఎర్ర సున్నాలు ఎన్ని చుట్టావో ముందే చెప్పకు. నా కాపీ మీద నేనూ విడిగా చుట్టుకుంటాను, తరువాత రెండూ పక్కపక్కన పెట్టి చూద్దాం.

ఇట్లు,
మీ మామయ్య