లాంగ్ టర్మ్‌కి పంపాలా, వద్దా?

పాఠకుల ప్రశ్నలు – జవాబులు

2025 నీట్ (మెడికల్ ప్రవేశ పరీక్ష) ఫలితాలు వచ్చినప్పటి నుంచి బెంగళూరు పాఠకులు అడుగుతున్నది ఒకటే: పిల్లల్ని లాంగ్ టర్మ్‌కి, అంటే ఏడాది పాటు కోచింగ్‌కి పంపి మళ్ళీ రాయించాలా, ఉన్నదాంట్లో సర్దుకోవాలా? పేర్లు వద్దన్నారు కాబట్టి పేటల పేర్లు మాత్రమే వేస్తున్నాం.

ప్రశ్న: మా అమ్మాయి ఒకటో తరగతి నుంచీ బెంగళూరులోనే చదివింది. నీట్‌లో 412 వచ్చాయి. బయాలజీ 238, కెమిస్ట్రీ 98, ఫిజిక్స్ 76. ఫిజిక్స్‌తో మొదలుపెట్టి చివర్లో బయాలజీ చేసిందట. ప్రైవేటు కోటా అంటే ఏడాదికి పది లక్షల పైమాటే, మా వల్ల కాదు. మావారు డెంటల్‌లో చేర్చేద్దాం అంటున్నారు. అమ్మాయేమో ఇంకొక్కసారి రాస్తానంటోంది. ఓఎంఆర్ (జవాబుల గుండ్రాలు దిద్దిన కాగితం) కాపీ జతచేశాను. – ఒక తల్లి, కె.ఆర్.పురం

జవాబు: ఓఎంఆర్ పంపి మంచి పని చేశారమ్మా. చాలామంది మొత్తం మార్కులు చెప్పి సలహా అడుగుతారు. 412 అన్న అంకె ఒక్కటీ చూసి ఎవరూ ఏమీ చెప్పలేరు. నీట్ నడిపే ఎన్‌టీఏ వెబ్‌సైటులో పెట్టిన స్కాన్ ఓఎంఆర్‌ని ఫైనల్ కీతో పోల్చి, ఒప్పు, తప్పు, ఖాళీ అని మూడు గడులు గీసుకుంటే అసలు సంగతి బయటపడుతుంది. మీ అమ్మాయివి ఇలా వచ్చాయి.

ఫిజిక్స్‌లో 45 ప్రశ్నలకు 24 ఒప్పు, 20 తప్పు, ఒకటి ఖాళీ. కెమిస్ట్రీలో 28 ఒప్పు, 14 తప్పు, 3 ఖాళీ. బయాలజీలో 90కి 62 ఒప్పు, 10 తప్పు, 18 ఖాళీ.

ఫిజిక్స్ చూడగానే ‘నెగెటివ్ మార్కులు ముంచేశాయి’ అనిపిస్తుంది. కాదు. 20 తప్పులకు కోత పడింది 20 మార్కులే. గుడ్డిగా పెట్టినా నాలుగింట ఒకటి తగులుతుంది కనుక, ఆ ఒప్పుకు నాలుగు మార్కులు వచ్చి, మిగతా మూడు తప్పులకు మూడు పోతాయి. అంటే ఊహించి పెట్టినందుకు పెద్దగా నష్టం లేదు. నష్టమంతా ఆ 20 ప్రశ్నల మీద గడిచిన నిమిషాల్లో ఉంది. 2025 ఫిజిక్స్ పేపరు చాలా కఠినంగా వచ్చింది. దాంతో మొదలుపెట్టి అక్కడే కూరుకుపోయింది. చివరికి బయాలజీలో 18 ప్రశ్నలు చదవకుండానే గంట కొట్టారు. బయాలజీలో తాను ముట్టిన 72లో 62 ఒప్పయ్యాయంటే నూటికి 86. అదే లెక్కన ఆ 18 కూడా చేసి ఉంటే 15 ఒప్పు, 3 తప్పు. ఒక్క కొత్త పాఠం చదవకుండానే 57 మార్కులు.

కాబట్టి మీ అమ్మాయి విషయంలో మా మాట: రాయించండి. దాదాపు ఇవే మార్కులు, 235, బయాలజీలో తొంభై ప్రశ్నలూ చేసి పాతిక తప్పులు పెట్టి తెచ్చుకుని ఉంటే ఇంత తేలిగ్గా అనేవాళ్ళం కాదు. అది ఎన్‌సీఈఆర్‌టీ పుస్తకం సరిగా చదవలేదని అర్థం. దాని మందు వేరు.

ఇక తప్పుల సంగతి. మొత్తం 44 తప్పుల్నీ మూడు కుప్పలు చేయమనండి: పాఠమే రానివి, వచ్చి కూడా లెక్కలోనో ప్రశ్న చదవడంలోనో జారినవి, రెండు ఆప్షన్ల మధ్య ఊగి తప్పువైపు మొగ్గినవి. ‘కింది వాటిలో సరికానిది ఏది’ అన్న ప్రశ్నకు సరైన వాక్యం చూడగానే గుండ్రం నింపేసిన కేసులు రెండో కుప్పలో కనీసం రెండుమూడు దొరుకుతాయి. రెండో కుప్ప, మూడో కుప్ప పెద్దవైతే ఏడాది పనికొస్తుంది. మొదటి కుప్పే కొండంత ఉంటే, ముఖ్యంగా ఫిజిక్స్‌లో, పదకొండో తరగతి మెకానిక్స్ నుంచి మళ్ళీ ఎక్కాలి. దానికి ఓపిక ఉందో లేదో తనే చెప్పాలి.

కోచింగ్ ఫీజు కట్టేముందు ఆరు వారాలు ఇంట్లోనే పరీక్ష పెట్టండి. రొటేషనల్ మోషన్, కరెంట్ ఎలక్ట్రిసిటీ, ఆర్గానిక్ కెమిస్ట్రీ మూలసూత్రాలు, ఈ మూడే. వారానికోసారి పాత పేపర్ల నుంచి ఆ పాఠాల ప్రశ్నలు 45 తీసి, 45 నిమిషాలు గడియారం పెట్టి చేయించండి. ఆరో వారానికి ఒప్పుల సంఖ్య కదలకపోతే, ఏసీ క్లాసురూమూ మూడు కిలోల మెటీరియలూ దాన్ని కదిలిస్తాయన్న ఆశ పెట్టుకోవద్దు.

చేర్పించినప్పుడు ఫీజు వాయిదాల్లో కట్టండి, ప్రతి వాయిదాకూ రసీదు తీసుకోండి. మధ్యలో మానేస్తే మిగిలిన కాలానికి తగ్గ మొత్తం పది రోజుల్లో వెనక్కివ్వాలని 2024 జనవరిలో కేంద్ర విద్యాశాఖ మార్గదర్శకాలు ఇచ్చింది. ‘స్కాలర్‌షిప్ ఈ ఒక్క రోజే’ అంటూ మొత్తం ఒకేసారి లాగే చోట ఆ కాగితం ముక్క చూపించి అడగండి.

నీట్ మధ్యాహ్నం 2 నుంచి 5 దాకా. మాక్ టెస్టులూ అప్పుడే రాయాలి. పొద్దున ఆరింటికి 600 తెచ్చుకునే పిల్లలు అన్నం తిన్నాక మూడింటికి తూగడం మామూలే. 180 నిమిషాల్లో బయాలజీకి 50, కెమిస్ట్రీకి 50, ఫిజిక్స్‌కి 60, మిగిలిన 20 గుండ్రాలు దిద్దడానికి, గుర్తుపెట్టి వదిలిన ప్రశ్నలు మళ్ళీ చూడటానికి. గుండ్రాలన్నీ ఆఖర్న ఒక్క ఊపున దిద్దితే ఒక వరుస జారి, ఆ కిందివన్నీ తప్పవుతాయి. పేజీ అయిన వెంటనే ఆ పేజీవి నింపేయాలి.

డెంటల్ మాట. ‘ఊరికే చేరి ఉంచుదాం, మళ్ళీ రాద్దాం’ అనుకోవద్దు. చేరితే ఒరిజినల్ మార్కుల కార్డులూ టీసీ కాలేజీ బీరువాలోకి పోతాయి. వచ్చే ఏడు కౌన్సెలింగ్‌లో అవే కావాలి. మధ్యలో మానేస్తే విడిపించుకోవడానికి కట్టాల్సిన సొమ్ము అడ్మిషన్ కాగితాల్లోనే రాసి ఉంటుంది, సంతకానికి ముందు చదవండి. రోజూ అటెండెన్సు, అనాటమీ ల్యాబూ చేసుకుంటూ నీట్ చదవడం కుదరదు. డెంటల్ మీద ఇష్టముంటే చేర్చి, నీట్ పుస్తకాలు కట్టేయండి. లేదంటే చేర్చొద్దు.

ఇంకొకటి ముఖ్యం. మళ్ళీ రాయాలనుకునేవాళ్ళు, ఆలిండియా కౌన్సెలింగ్ నడిపే ఎంసీసీ చివర్లో మిగిలిన సీట్లకు పెట్టే స్ట్రే వేకెన్సీ రౌండులో సరదాకి ఆప్షన్లు పెట్టొద్దు. అందులో సీటు వచ్చీ చేరకపోతే డిపాజిట్ పోతుంది, మరుసటి ఏడు నీట్ రాయడానికే అర్హత ఉండదు. డీమ్డ్ యూనివర్సిటీలకైతే ఆ డిపాజిట్ రెండు లక్షలు.

ప్రశ్న: ఎనిమిది దాకా మదనపల్లెలో చదివాను. తొమ్మిది నుంచి సెకండ్ పీయూ (ఇక్కడి ఇంటర్ రెండో ఏడు) దాకా బెంగళూరులో. ఇప్పుడు విజయవాడలో లాంగ్ టర్మ్‌కి వెళ్తే ఆంధ్రాలో స్టేట్ కోటా సీట్లకు లోకల్ అవుతానా? – విద్యార్థిని, మారతహళ్ళి

జవాబు: అవ్వవు. ఆంధ్రాలో లోకల్ అంటే ఇంటర్ లేదా దానికి సమానమైన పరీక్ష మొదటిసారి రాసిన ఏడాదితో ముగిసేలా వరుసగా నాలుగేళ్ళు అక్కడ చదివి ఉండాలి. నీ చివరి నాలుగేళ్ళూ ఇక్కడే గడిచాయి. తర్వాత చదివిన లాంగ్ టర్మ్ ఈ లెక్కలోకి రాదు.

కర్ణాటకలో చూస్తే, ఇక్కడి కౌన్సెలింగ్ నడిపే కేఈఏ సాధారణ నిబంధన ప్రకారం ఒకటి నుంచి పన్నెండు లోపల కనీసం 7 విద్యా సంవత్సరాలు ఇక్కడ చదివి, పదో పీయూనో ఇక్కడే పాసై ఉండాలి. నీకున్నవి నాలుగే. అంటే రెండు రాష్ట్రాల సరిహద్దు మీద రెండు కాళ్ళూ పెట్టి ఎటూ కాకుండా నిలబడ్డావు. బెంగళూరు తెలుగు కుటుంబాల్లో ఈ చిక్కు తరచూ కనిపిస్తుంది. సొంతిల్లు, ఆధార్, రేషన్ కార్డు ఇక్కడివే కదా అంటారు. కౌన్సెలింగ్‌లో అడిగేది బీఈఓ (బ్లాక్ విద్యాధికారి) సంతకంతో ఉన్న స్టడీ సర్టిఫికెట్లు.

నీకు మిగిలిన దారులు: ఎంసీసీ నడిపే 15 శాతం ఆలిండియా కోటా, ఎయిమ్స్, జిప్మర్, డీమ్డ్ యూనివర్సిటీలు, కర్ణాటక ప్రైవేటు కాలేజీల్లో బయటి రాష్ట్రాలవాళ్ళకూ తెరిచిన సీట్లు. మీ అమ్మానాన్నల్లో ఒకరు ఆంధ్రాలో పదేళ్ళు నివసించినట్టు తహసీల్దారు ఆఫీసు నుంచి సర్టిఫికెట్ తేగలిగితే అక్కడి 15 శాతం అన్‌రిజర్వ్‌డ్ (లోకల్ కాకున్నా పోటీకి వీలున్న) సీట్లలో పోటీ పడొచ్చు. ఎన్టీఆర్ హెల్త్ యూనివర్సిటీ నోటిఫికేషన్‌లో ఆ పేరా చదువు. బీసీ అయితే కేంద్ర జాబితా ప్రకారం తీసుకున్న ఓబీసీ సర్టిఫికెట్ ఆలిండియా కోటాకు పనికొస్తుంది. ఆంధ్రా బీసీ సర్టిఫికెట్ కర్ణాటక కౌన్సెలింగ్‌లో చెల్లదు.

ఇవన్నీ చూశాకే నీకు ఎంత ర్యాంకు కావాలో తేలుతుంది. పక్కింటి అమ్మాయికి స్టేట్ కోటాలో ఎంతకొచ్చిందో నీకు కొలత కాదు. నీ కొలత ఆలిండియా కోటా నిరుటి ఆఖరి ర్యాంకులు. ఎంసీసీ సైటులో రౌండ్లవారీగా ఉంటాయి, మూడో రౌండు చూడు. ఆ ర్యాంకుకీ నీ ర్యాంకుకీ ఉన్న దూరం చూసి లాంగ్ టర్మ్ సంగతి తేల్చుకో.

ప్రశ్న: మావాడు 2024లో లాంగ్ టర్మ్ చేసి 560 తెచ్చుకున్నాడు. 2025లో మళ్ళీ లాంగ్ టర్మ్ చేస్తే 489కి దిగాడు. బంధువులంతా ఇక చాలించమంటున్నారు. ఇంకోసారి రాయడానికి వయసు అడ్డమా? – ఒక తండ్రి, హొరమావు

జవాబు: వయసు అడ్డం కాదు. పైపరిమితి లేదు, ఎన్నిసార్లు రాయాలన్న లెక్కా లేదు. చేరే ఏడాది డిసెంబరు 31కి 17 నిండితే చాలు.

అసలు దిగాడని ఎవరన్నారు? 2024లో సవరించిన ఫలితాల్లోనే 17 మందికి 720కి 720 వచ్చాయి. 2025లో దేశంలో మొదటి ర్యాంకుకే 686. జనరల్ అర్హత మార్కు 162 నుంచి 144కి పడింది. పైగా 2024 దాకా 200 నిమిషాలు, 200 ప్రశ్నల్లో 180 ఎంచుకునే వీలు. 2025లో 180 ప్రశ్నలూ తప్పనిసరి, 180 నిమిషాలే. రెండేళ్ళ మార్కుల్ని పక్కపక్కన పెట్టడమంటే సేర్లనీ కిలోలనీ కలిపి కూడటమే. రెండు స్కోరు కార్డులూ తీసి ఆలిండియా ర్యాంకులు పోల్చండి. మీ అబ్బాయి ముందుకే వచ్చి ఉండే అవకాశం ఎక్కువ. బంధువులకు ఆ కాగితం చూపించండి.

ర్యాంకు నిజంగానే బాగుపడి, కావలసిన సీటుకు దగ్గరగా వచ్చి ఉంటే మూడోసారికి అర్థముంది. ర్యాంకు కదలకపోతే మాత్రం, అదే హాస్టలు, అదే మెటీరియలు, అదే చదువు పద్ధతితో మళ్ళీ పంపొద్దు. రెండేళ్ళు లాంగ్ టర్మ్ చేసిన పిల్లలకు క్లాసులో చెప్పేదంతా తెలిసినట్టే ఉంటుంది, అందుకే పెన్ను పట్టరు. మూడో ఏడు క్లాసులు మానిపించి టెస్టులు మాత్రమే ఇచ్చే బ్యాచ్‌లో చేర్చడం మేలు. ఒక్కో టెస్టుకు మూడు గంటలు పడితే, తప్పులు విప్పి చూసుకోవడానికి నాలుగైదు గంటలు పట్టాలి. అలా పట్టట్లేదంటే మార్కులు చూసి ఫోన్ పక్కన పడేస్తున్నాడని లెక్క.

ప్రశ్న: నాకు మళ్ళీ రాయాలని లేదు. నాన్న అప్పుడే ఫీజు కట్టేశారు. చెప్పడానికి భయం. రాత్రులు నిద్ర పట్టట్లేదు. బయాలజీ అంటే మాత్రం ఇష్టమే. – పేరు, పేట వద్దు

జవాబు: ముందు నిద్ర సంగతి. 14416కి ఫోన్ చెయ్యి. టెలి మానస్ అంటారు, ఉచితం, రాత్రీపగలూ ఉంటుంది, తెలుగులో మాట్లాడొచ్చు. దేశం మొత్తానికి దాని ప్రధాన కేంద్రం మన నిమ్హాన్స్‌లోనే ఉంది. మీ నాన్నతో మాట ఎలా ఎత్తాలో కూడా వాళ్ళతో అనుకోవచ్చు. ఎదురుగా చెప్పలేకపోతే ఒక కాగితం మీద రాసి అమ్మ చేతికివ్వు. ‘చదవను’ అని కాకుండా, ‘ఇది చదువుతాను’ అని మొదలుపెట్టు.

ఆ ‘ఇది’కి బెంగళూరులోనే చోట్లున్నాయి. హెబ్బాళలో వెటర్నరీ కాలేజీ, దాని దగ్గర్లోనే వ్యవసాయ విశ్వవిద్యాలయం జీకేవీకేలో బీఎస్సీ అగ్రికల్చర్. ఇంకా ఫార్మ్ డీ, బీఎస్సీ నర్సింగ్. కర్ణాటక అర్హత ఉంటే వీటికి దారి కేసీఈటీ, అంటే కర్ణాటక ప్రవేశ పరీక్ష. దానిలో నెగెటివ్ మార్కులు లేవు. ఈసారి రాసి ఉంటే ర్యాంకు కార్డు తీసి చూడు. కట్టిన ఫీజు గురించి బెంగ వద్దు, మొదటి జవాబులో చెప్పిన మార్గదర్శకాలు చూపించి అడగమను.

ప్రశ్న: అన్నయ్య 2021లో వాడిన మెటీరియల్ సరిపోతుందా? – విద్యార్థి, యలహంక

జవాబు: సగం సరిపోతుంది, సగం బరువు. 2024 నుంచి సిలబస్ కుదించారు. కెమిస్ట్రీలో సాలిడ్ స్టేట్, సర్ఫేస్ కెమిస్ట్రీ, పాలిమర్లు పోయాయి. బయాలజీలో జీర్ణక్రియ, మొక్కల్లో రవాణా, ఖనిజ పోషణ పోయాయి. ఫిజిక్స్‌లో ప్రయోగాల యూనిట్ కొత్తగా చేరింది: వెర్నియర్, స్క్రూగేజి, మీటర్ బ్రిడ్జి లాంటివి. ఎన్‌ఎంసీ (జాతీయ వైద్య కమిషన్) సిలబస్ ప్రింటు తీసి, అందులో లేనివాటిని పాత పుస్తకాల విషయసూచికలో పెన్సిల్‌తో కొట్టెయ్యి. తర్వాత చదవడం మొదలుపెట్టు.

ప్రశ్న: ఇంటర్ తెలుగు మీడియం. ఇప్పుడు బెంగళూరులో ఉంటున్నాను. నీట్ పేపరు తెలుగులో అడగొచ్చా? – బొమ్మనహళ్ళి

జవాబు: అడగొచ్చు, కాని బెంగళూరు సెంటర్‌లో కాదు. తెలుగు పేపరు ఆంధ్రా, తెలంగాణ సెంటర్లలోనే ఇస్తారు, ఇక్కడ ప్రాంతీయ భాషంటే కన్నడమే. దరఖాస్తులో తెలుగు ఎంచుకుంటే సెంటర్ కూడా తిరుపతో అనంతపురమో పెట్టుకోవాలి. పేపరులో ఇంగ్లిషు కూడా పక్కనే ఉంటుంది, తేడా వస్తే ఇంగ్లిషే లెక్క. పదం తేడాగా తోస్తే పక్క కాలమ్ చూసి గుండ్రం నింపండి. సెంటర్ గేటు 1.30కి మూసేస్తారు కాబట్టి ముందు రోజే ఊరు చేరండి.