ఇన్‌హేలర్ ‘దుర్వినియోగం’ అనవచ్చునా?

సందేహం: ‘ఆస్తమా ఇన్‌హేలర్ల దుర్వినియోగం ప్రాణాంతకం’ అనే శీర్షిక చదివాను. నిధుల దుర్వినియోగం, అధికార దుర్వినియోగం ఎరుగుదుము గాని, ఆయాసంతో మందు పీల్చుకొనే మనిషి విషయంలో ఆ మాట వాడవచ్చునా?

సమాధానం: వ్యాకరణరీత్యా దోషమేమీ లేదు. ‘దుః’ అనే ఉపసర్గ ‘వినియోగం’తో చేరినప్పుడు విసర్గ రేఫమై ‘దుర్వినియోగం’ అవుతుంది. చిక్కు వాడుకలో వచ్చింది. నిధుల వార్తలలో నలిగి నలిగి ఆ మాటకు దురుద్దేశం అంటుకున్నది; ఒకడు దుర్వినియోగం చేశాడంటే తెలిసే చేశాడని మన చెవికి వినిపిస్తుంది. ఏ ఆయాసమూ లేని ఆటగాడు పోటీలో మేలు కోసం సాల్బుటమాల్ అనే ఆస్తమా మందును మోతాదు మించి పీలిస్తే అది నిక్షేపంగా దుర్వినియోగమే. క్రీడలలో మందుల వాడకాన్ని అదుపు చేసే వాడా సంస్థ, 24 గంటలలో 1600 మైక్రోగ్రాములకు మించి ఆ మందు పీల్చరాదని హద్దు పెట్టింది కూడా. రోగి సంగతి అది కాదు. అతనివి పొరపాట్లు, అవి ఒక రకానివీ కావు.

మీరు చదివిన శీర్షిక చెప్పదలచినది బహుశా అతివాడకం. సాధారణంగా నీలిరంగులో వచ్చే ఇన్‌హేలర్‌లోని సాల్బుటమాల్, బిగుసుకున్న శ్వాసనాళాల కండరాలను నిమిషాలలో సడలిస్తుంది గాని, నాళాల లోపలి వాపును తగ్గించదు. ఊపిరి ఆడగానే జబ్బు తగ్గిందనుకొని రోగి మళ్లీ మళ్లీ దానినే ఆశ్రయిస్తే, చేతుల వణుకు, గుండెదడ అటుంచి, వాపు చాటున ముదురుతుంది. 200 మోతాదుల డబ్బాలు ఏడాదికి మూడో అంతకు మించో ఖర్చవుతున్నవారికి తీవ్రమైన ఆయాసం వచ్చే ముప్పు ఎక్కువనీ, 12 గాని ఆపైన గాని అయితే మరణించే ముప్పు పెరుగుతుందనీ ఆస్తమాపై వెలువడే ‘గినా’ అంతర్జాతీయ మార్గదర్శకాలు చెబుతున్నవి. పెద్దలకు, కౌమారంలో ఉన్నవారికి ఈ మందొక్కదానితోనే ఆస్తమా చికిత్స చేయరాదని 2019 నుంచి అవి స్పష్టం చేస్తున్నవి. సంస్కృతపు ‘అతి’ పక్కన తెలుగు మాట చేర్చరాదని పండితులు ఆక్షేపించవచ్చు. ‘అతితెలివి’ని ఒప్పుకున్న జనం ‘అతివాడకం’ దగ్గర ఆగరు.

రెండవది తప్పు వాడకం. దీనికి ‘అపప్రయోగం’ అనే మంచి మాట ఉన్నది గాని, అది వ్యాకరణం చదివినవారి సొత్తు, పత్రికకు పనికిరాదు. ఇక్కడ తప్పులో మనం వాడే క్రియాపదాలకూ పాలున్నది. మా వీధిలోని ఒక పెద్దాయన అరుగుమీద కూర్చొని, ఇన్‌హేలర్‌ను నోటికి బెత్తెడు దూరాన పట్టి రెండుసార్లు నొక్కగా చూశాను. మందు తెల్లని తుంపరగా మీసాలమీదే నిలిచింది. ‘‘రెండు కొట్టాను నాయనా, తగ్గలేదు’’ అన్నారు. సెంటు కొట్టుకోవడం, దోమలమందు కొట్టడం అన్నప్పుడు పని నొక్కడంతో ముగుస్తుంది. ఇన్‌హేలర్‌ను ఊపి, ఊపిరి వదిలి, పెదవుల మధ్య బిగించి, నెమ్మదిగా పీల్చనారంభిస్తూ నొక్కి, పది సెకన్లు ఊపిరి బిగబట్టాలి. పొడిమందు సాధనమైతే బలంగా, వేగంగా పీల్చాలి. ఆ సాధనంలో పెట్టి పీల్చవలసిన పొడి క్యాప్సూల్‌ను మామూలు మందులా మింగేవారూ ఉన్నారు. ‘రోజుకు రెండు వేసుకోండి’ అన్నప్పుడు తెలుగువాడికి తోచే అర్థం నోట్లో వేసుకొని నీళ్లు తాగడమే మరి. అందుకే ‘పీల్చండి’ అనే చెప్పాలి, అలాగే రాయాలి.

మూడవది మానివేత. వాపును తగ్గించే స్టెరాయిడ్ ఇన్‌హేలర్‌ను, ఆయాసం ఉన్నా లేకున్నా, వైద్యుడు చెప్పినన్నాళ్లు క్రమం తప్పక పీల్చాలి. దానిని ‘ఆస్తమా నివారణ మందు’ అని రాస్తున్నారు. ‘నివారణ’కు తెలుగులో రెండు ముఖాలు: పోలియో నివారణ రాకుండా చూడటం, తలనొప్పి నివారణ వచ్చినదాన్ని పోగొట్టడం. రోగి రెండవ అర్థమే తీసుకొని, ఊపిరి హాయిగా ఆడిన రోజున ఆ డబ్బాను అటకెక్కిస్తాడు. ‘రోజూ పీల్చేది’, ‘ఆయాసం వచ్చినప్పుడు పీల్చేది’ అంటే ఏ తికమకా ఉండదు. రెండు పనులకూ ఒక్కటే వాడమని వైద్యుడు చెప్పే ఇన్‌హేలర్లు కూడా ఉన్నవి గనుక, అప్పుడు ఆ మాట కూడా విడిగా రాయవలసినదే.

శీర్షిక నేను దిద్దవలసివస్తే ‘నీలి ఇన్‌హేలర్ అతిగా వాడితే ప్రాణానికి ముప్పు’ అని రాస్తాను.