ఒక్కదానివే రాంచ్‌కి వెళ్ళేముందు

చి. మాధవికి పెద్దమ్మ ఆశీస్సులు.

అమెరికాలోని వయోమింగ్ రాష్ట్రంలో ఏదైనా రాంచ్‌కి, అంటే పశువులూ గుర్రాలూ ఉండే పెద్ద పొలానికి, అతిథిగా వెళ్ళి వారం రోజులు గుర్రపు స్వారీ చేయాలనుకుంటున్నావని, అదీ ఒక్కదానివేనని మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. తనకి టెన్షన్‌గా ఉంది. నాకు మాత్రం చాలా సంతోషంగా ఉంది. ఆడపిల్ల ఒంటరిగా వెళ్ళడానికి ఈ దేశంలో ఇంతకన్నా మంచి సెలవు నాకు కనబడలేదు. హోటల్లో గది తలుపేసుకుంటే ఎవరికీ పట్టదు. రాంచ్‌లో అయితే అందరూ కలిసి తింటారు, కలిసి గుర్రాలెక్కుతారు. నువ్వు భోజనానికి రాకపోతే ఎవరో ఒకరు వచ్చి తలుపు తడతారు.

అతిథుల్ని పెట్టుకోవడం అక్కడ కొత్తేమీ కాదు. షెరిడన్ దగ్గర వుల్ఫ్ అనే ఊళ్ళో ఈటన్ సోదరులు 1904లో మొదలుపెట్టిన రాంచ్ ఇప్పటికీ నడుస్తోంది. ఇలా అతిథుల్ని పెట్టుకునే రాంచ్‌ని డ్యూడ్ రాంచ్ అంటారు, వాళ్ళు 1926లో పెట్టుకున్న డ్యూడ్ రాంచర్స్ అసోసియేషన్ ఉంది. వెతకడం ఆ సంఘం సభ్యుల జాబితాతో మొదలుపెట్టు. ధర మామూలుగా గదిలో ఇద్దరుంటే మనిషికి ఇంత అని చెప్తారు. ఒక్కరికి ఎక్కువ వేస్తారా అని ముందే అడుగు. జూలై అంతా పిల్లలున్న కుటుంబాలే. సెప్టెంబరులో కొన్ని చోట్ల పెద్దవాళ్ళకి మాత్రమే అని వారాలు కేటాయిస్తారు, ఒంటరిగా వచ్చేవాళ్ళు అప్పుడే ఎక్కువ. టిప్పు ఎంత ఇవ్వాలో, శాకాహారం సంగతేమిటో కూడా బుక్ చేసేటప్పుడే తేల్చుకో. ముందు చెప్పకపోతే వారమంతా సలాడ్‌తో సరిపెట్టుకోవాల్సి వస్తుంది.

ఇక అసలు సంగతి. మొదటి రోజు రాంగ్లర్, అంటే గుర్రాల్ని చూసుకుంటూ స్వారీకి తీసుకెళ్ళే మనిషి, నిన్ను చూసి, నాలుగు మాటలడిగి, నీకు తగిన గుర్రాన్ని ఇస్తాడు. అక్కడ నిజం చెప్పు. ఊటీలో ఒకసారి ఎక్కి ఫోటో దిగితే స్వారీ వచ్చినట్టు కాదు. 'నాకు రాదు, భయంగా ఉంది' అని చెప్పడానికి సిగ్గుపడకు. పక్కన మనవాళ్ళు లేనప్పుడు ధైర్యం నటించాలనిపిస్తుంది, ప్రమాదం అక్కడే ఉంది. బరువు అడిగితే అదీ సరిగ్గా చెప్పు, ఆ లెక్క గుర్రం వీపు కోసం. హెల్మెట్ పెట్టుకోమని ఎవరూ బలవంతపెట్టకపోయినా అడిగి పెట్టుకో.

మడమ ఉన్న బూట్లు కొనుక్కో, నెలముందే కొని ఇంట్లో తొడుక్కుని తిరుగు. మడమ లేకపోతే పాదం రికాబులోంచి అవతలికి జారిపోతుంది. పడ్డప్పుడు కాలు ఇరుక్కుంటే గుర్రం ఈడ్చుకుపోతుంది. పాదం ముందు భాగమే రికాబులో ఉంచి, మడమ కిందికి దించు. గుర్రం వెనకనుంచి చప్పుడు చేయకుండా వెళ్ళకు, సరిగ్గా తోక వెనక ఏముందో దానికి కనబడదు. చెవులు వెనక్కి అతుక్కుపోయి ఉంటే దూరంగా ఉండు. ఎక్కేముందు జీను పట్టీ మళ్ళీ బిగించమని అడుగు. మొదట బిగించినది కాసేపటికి వదులవుతుంది. స్వారీలో ఉండగా జాకెట్ విప్పకు. గాలికి రెపరెపలాడితే నెమ్మదైన గుర్రం కూడా బెదురుతుంది. చలేసినా, ఉక్కపోసినా రాంగ్లర్‌కి చెప్తే ఆపుతాడు.

రెండో రోజుకి తొడలు పట్టేస్తాయి, మెట్లు దిగడమే కష్టమవుతుంది. ఆ రోజు మధ్యాహ్నం స్వారీ మానేసి పడుకో. డబ్బు కట్టాను కదా అని లాక్కురాకు. కొలరాడో వైపు వెళ్ళాలనుకుంటే చాలా రాంచ్‌లు ఎనిమిది వేల అడుగుల ఎత్తులో ఉంటాయి, మొదటి రెండు రోజులూ నీళ్ళు బాగా తాగు, మద్యం జోలికి పోకు.

చాలా చోట్ల ఫోన్ సిగ్నల్ ఉండదు. రాంచ్ ఆఫీసు నంబరు మీ అమ్మకిచ్చి, ఏ రోజు తిరిగొస్తావో చెప్పి వెళ్ళు. ఇన్సూరెన్స్ పేపర్లు మర్చిపోకు. నువ్వు చూసిపెట్టిన రాంచ్‌ల పేర్లు నాకు పంపు, అడ్వాన్స్ కట్టేముందు ఇద్దరం కలిసి వాళ్ళకి ఫోన్ చేద్దాం.

ప్రేమతో,
పెద్దమ్మ