కూరల్లో వేసే నువ్వుగుండ ఎందుకు చేదెక్కుతుంది?

చాలావరకు నువ్వులు ఎక్కువ వేగిపోవడం వల్లే నువ్వుగుండ చేదెక్కుతుంది. గింజ చిన్నది, అందులో దాదాపు సగం నూనే; చప్పున మాడిపోతుంది. పొయ్యి ఆపినా మూకుడులో వదిలేస్తే ఇంకా వేగుతూనే ఉంటుంది. అందుకే చిటపటలాడగానే పళ్లెంలోకి తీసేయాలి. పూర్తిగా చల్లారాక ఎండుమిర్చి, ఉప్పు వేసి ఆపి ఆపి మిక్సీ పట్టాలి, ఏకధాటిగా తిప్పితే నూనె వదిలి ముద్దవుతుంది.

శ్రీకాకుళం, విజయనగరం వైపు ఆనపకాయ కూరే తీసుకోండి. అరకిలో ముక్కలకు రెండు చెంచాల గుండ చాలు, అదీ కూర దించే ముందు. మొదట్లోనే వేస్తే ఆ కమ్మటి వాసన ఆవిరితో పోతుంది.

చాలామంది నల్ల నువ్వులు వాడటమే తప్పనుకుంటారు. పొట్టు వల్ల కాస్త వగరు ఉంటుంది గానీ, మాడు చేదు మాత్రం వేయింపుదే.