ఇంప్లాంట్ మీద పన్ను జిర్కోనియాదా, మెటల్ సిరామిక్‌దా? ఏది పెట్టించుకోవాలి?

ప్రశ్న ఇది: కింది దవడ పన్ను తీసేసి ఇంప్లాంట్ (ఎముకలో వేరులా బిగించే టైటానియం మర) వేశారు, మూడు నెలలు గడిచాయి. పైన పెట్టే పన్ను జిర్కోనియాదా, మెటల్ సిరామిక్‌దా తేల్చుకోమన్నారు. ఏది ఎక్కువ కాలం మన్నుతుంది?

దవడ పన్నుకైతే ఒకే ముక్కగా కోసిన జిర్కోనియా, అంటే లోహపు తొడుగు లేని గట్టి తెల్ల సిరామిక్, పెట్టించుకోండి. మీరు అడిగినదానికి జవాబు ఇంతే. మెటల్ సిరామిక్‌లో లోపల లోహపు తొడుగు ఉంటుంది, దాని మీద పింగాణీ పొరలు వేస్తారు. నమిలే వైపు రెండూ కలిపి దాదాపు 2 మిల్లీమీటర్ల చోటు కావాలి. అంత చోటు లేకపోతే పింగాణీ పలచబడి, ఏ చేగోడీ కొరికినప్పుడో అంచు పెచ్చు లేస్తుంది. జిర్కోనియాకు 1 మిల్లీమీటరు, ఆపైన కాస్త ఉంటే సరిపోతుంది. పొరలే లేవు కాబట్టి పెచ్చులూ ఉండవు. ముందు పళ్ళ సంగతి వేరు, అక్కడ అందం కోసం పైన పింగాణీ పొర వేయక తప్పదు కొన్నిసార్లు.

అయితే పళ్ళు తయారుచేసే ల్యాబ్ బెంచీ మీదికి తిరిగొచ్చే పళ్ళను చూస్తే మెటీరియల్ చెడి వచ్చినవి చాలా తక్కువ. లూజయి వస్తాయి, పక్కన తిండి ఇరుక్కుంటోందని వస్తాయి, ఎత్తుగా తగులుతోందని వస్తాయి. నన్నడిగితే ఇవన్నీ నోట్లో కొలత కోసం తీసే అచ్చు దగ్గర మొదలైన జబ్బులే. మన్నిక పన్ను మెటీరియల్ ఒక్కదాన్లో లేదనడానికి ఒక పాత సంగతి: స్వీడన్‌లోని గోథెన్‌బర్గ్‌లో బ్రోనెమార్క్ అనే డాక్టర్ 1965లో మొదటిసారి ఒక మనిషి దవడలో టైటానియం ఇంప్లాంట్లు వేశారు. యోస్టా లార్సన్ అనే ఆ పేషెంటు 2006లో చనిపోయేదాకా వాటితోనే ఉన్నాడు. ఆయనకు వేసిన రోజుల్లో జిర్కోనియా పన్ను అనే మాటే లేదు, దాన్ని కోసే డిస్కులూ, నోటిని కొలిచే స్కానర్లూ లేవు.

అచ్చు ఎక్కడ చెడుతుందో ఒక కేసు పట్టుకుని చూద్దాం. 36 నంబరు పన్ను, అంటే ఎడమ వైపు కింది మొదటి పెద్ద దవడ పన్ను. స్క్రూతో బిగించిన జిర్కోనియా. స్క్రూ రెండోసారి లూజయ్యాక పన్ను విప్పి ల్యాబ్‌కు పంపారు. చీటీ మీద ఒకటే వాక్యం: "స్క్రూ లూజ్, కొత్తది చేయండి." పాత మోడల్ (అచ్చులో "రాయి" అనే గట్టి జిప్సం పోసి చేసిన నమూనా) మీద పెడితే ఏమీ పట్టకుండా చక్కగా దిగి కూర్చుంది. రెండు పక్కలా కాగితం పోనంత సరిగ్గా తగిలింది. అలాంటప్పుడు పన్నును తిప్పి అడుగు చూడాలి. జిర్కోనియా కింద టైటానియం ముక్క ఒకటి అతికించి ఉంటుంది, టై బేస్ అంటారు. ఇంప్లాంట్ మీద కూర్చునేది అదే. ఈ పన్నుకు ఆ అంచు ఒక వైపే రాసుకుని మెరుస్తోంది, రెండో వైపు కొత్తదానిలా మసకగా ఉంది. ముందు పన్నుకు ఆనే పక్కన మాత్రం చిన్న మచ్చ నున్నగా తేలింది. అంటే మోడల్ మీద నిటారుగా ఉన్న పన్ను నోట్లో ముందుకు వాలి కూర్చుంది.

ఎందుకు వాలింది? హీలింగ్ క్యాప్, అదే మీ చిగురులోంచి కనబడుతున్న లోహపు బొత్తాం, విప్పగానే చిగురు నిమిషాల్లో లోపలికి ముడుచుకుంటుంది. ఆలస్యం చేసి కోపింగ్ బిగిస్తే ఒక పక్క చిగురు మధ్యలో నలుగుతుంది. కోపింగ్ అంటే ఇంప్లాంట్ ఎటు వాలి ఉందో అచ్చులోకి మోసుకొచ్చే పిన్ను. అది వెంట్రుకవాసి వాలినా చాలు. వేలికి బిగిసినట్టే ఉంటుంది. అచ్చు తీస్తారు, అందులోకి అనలాగ్, అంటే ఇంప్లాంట్‌కు నకలు ముక్క, బిగించి రాయి పోస్తారు, ఆ వాలు రాయిలో గడ్డకట్టిపోతుంది. ఇక ల్యాబ్‌లో ఎంత పనిమంతుడు చేసినా ఆ అబద్ధపు మోడల్‌కే సరిపడేలా చేస్తాడు. స్కానర్ వాడినా ఇదే కథ, కోపింగ్ బదులు స్కాన్ బాడీ వాలుతుంది. "మా దగ్గర డిజిటల్" అని బోర్డు పెట్టినంత మాత్రాన చిగురు నలగడం మానదు.

ఆ పన్ను నోట్లోకి వెళ్ళాక ముందు పన్నును గట్టిగా నెడుతుంది. వెనక పక్క సందు మిగులుతుంది, మాంసం పీచు ఇరుక్కునేది అక్కడే. టార్క్ రెంచ్, అంటే బిగింపు బలాన్ని (టార్క్) కొలిచే పానా, 30 న్యూటన్ సెంటీమీటర్ల దగ్గర టక్కుమంటుంది. కానీ ఆ బిగింపులో సగం పక్క పన్నును తోయడానికే ఖర్చయిపోయింది, అడుగున ఇంప్లాంట్‌తో కలిసే కీలు మూసుకోనే లేదు. వారం పది రోజుల్లో పక్క పన్ను కొంచెం జరిగి దారి ఇస్తుంది. ఒత్తిడి సడలి స్క్రూ తిరగడం మొదలెడుతుంది. అప్పుడు మళ్ళీ బిగిస్తారు, మళ్ళీ అదే. అలా మూడు నాలుగు సార్లు బిగిస్తే స్క్రూ అలిసిపోయి మధ్యకు విరుగుతుంది. ఆ ముక్కను లోపల్నుంచి తీయడం కంటే పది పళ్ళు కట్టడం సులువు.

దీనికి మందు ఒక చిన్న ఎక్స్‌రే. కోపింగ్ బిగించాక ఒకటి, పన్ను పెట్టాక ఇంకొకటి. కిరణం ఇంప్లాంట్‌కు లంబంగా తగిలేలా తీస్తే, కీలు దగ్గర సన్నటి నల్ల గీత కనబడిందా లేదా తెలిసిపోతుంది. గీత ఉంటే కూర్చోలేదు. అడగడానికి మొహమాటపడకండి, "డాక్టర్ గారూ, అచ్చు తీసే ముందు ఒక ఎక్స్‌రే తీస్తారా?" అంటే తప్పుపట్టే డాక్టర్ ఎవరూ ఉండరు.

బిగించే వరుస కూడా తెలుసుకోండి. ముందు వేలితో బిగించి రెండు పక్కలా ఫ్లాస్ దారం వేసి చూడాలి. దారం కొంచెం పట్టి, టిక్కుమని దిగాలి. తెగిపోతే బిగుతెక్కువ, జారిపోతే సందుంది. తర్వాత ఎక్స్‌రే, ఆ తర్వాతే రెంచ్. ఎంత టార్క్ అనేది కంపెనీ పుస్తకంలో ఉంటుంది, సాధారణంగా 25 నుంచి 35 మధ్య. బిగించి పది నిమిషాలు ఆగి అదే అంకెకు మళ్ళీ బిగించాలి. స్క్రూ మరల మీది గరుకులు ఒకదానిలో ఒకటి సర్దుకుని మొదటి బిగింపు కొంత సడలుతుంది కాబట్టి. ల్యాబ్‌లో వంద సార్లు తిప్పిన స్క్రూతోనే ఫైనల్ బిగింపు చేసేవాళ్ళున్నారు, అది పొదుపు కాదు. చివరికి కొత్త స్క్రూ వేసి, రంధ్రంలో టెఫ్లాన్ టేపు నొక్కి, పైన పంటి రంగు కాంపోజిట్‌తో మూయాలి. రేపెప్పుడైనా విప్పాల్సి వస్తే ఆ టేపే స్క్రూ తలను కాపాడుతుంది.

ల్యాబ్‌లవాళ్ళు కడిగిన ముత్యాలేమీ కాదు. జిర్కోనియా డిస్కు కాల్చక ముందు సుద్దముక్కలా మెత్తగా ఉంటుంది, 98 మిల్లీమీటర్ల చక్రం. కాలిస్తే కుంచించుకుపోతుంది కాబట్టి పన్నును 20–25 శాతం పెద్దదిగా కోసి, 1500 డిగ్రీలకు అటూ ఇటూగా కొన్ని గంటలు కాలుస్తారు. ఎంత కుంచించుకుంటుందో ప్రతి డిస్కు మీదా 1.24 లాంటి అంకె ముద్రించి ఉంటుంది. డిస్కు మార్చి అంకె మార్చడం మర్చిపోయి, పాతదాని 1.22 అలాగే వదిలేశారనుకోండి. లోపల 7 మిల్లీమీటర్లు ఉండాల్సిన వెడల్పు 0.11 తగ్గుతుంది. సిమెంటుకని వదిలే సందే 0.05 లోపు. ఇంకెక్కడ దిగుతుంది? దిగకపోతే లోపల బర్, అంటే గిర్రున తిరిగే అరగదీసే ముక్క, పెట్టి గీకి బలవంతంగా దించుతారు. ఆ గీతల దగ్గరే రేపు పగులు మొదలవుతుంది.

అచ్చులను పంపే తీరు మీద కూడా నాకు చాలా మంట ఉంది. ఆల్జినేట్ అనే పొడి కలిపి తీసే అచ్చు నీళ్ళున్న జెల్లీ లాంటిది, తీసిన పావుగంటలో రాయి పోయకపోతే ఎండి ముడుచుకుంటుంది. దాన్ని న్యూస్‌పేపర్‌లో చుట్టి సాయంత్రం బస్సుకు పార్శిల్ వేస్తే, ల్యాబ్‌కు చేరేసరికి ఒడియం. తీసి పెట్టుకునే పళ్ళ సెట్టుకు మొదటి అచ్చుగా ఆల్జినేట్ చాలు, అదీ అక్కడికక్కడే రాయి పోస్తే. ఇంప్లాంట్ పన్నుకు, సొంత పన్ను మీద వేసే క్యాప్‌కు అడిషన్ సిలికాన్ అనే రబ్బరు లాంటి అచ్చు పదార్థం కావాలి. దాని పుట్టీని లేటెక్స్ గ్లౌజులతో కలపకూడదు, గ్లౌజుల్లోని గంధకం వల్ల గట్టిపడకుండా జిగురుగా మిగిలిపోతుంది. ఇక రంగు: ట్యూబ్‌లైట్ కింద, నోరు గంటసేపు తెరిపించాక చూసి "ఏ2" అని రాసి పంపుతారు. ఆరిపోయిన పన్ను ఉన్న రంగుకంటే తెల్లగా కనబడుతుంది. రంగు మొట్టమొదటే, పగటి వెలుతురులో చూడాలి.

కాటు సంగతి ఒకటి చెప్పాలి. సొంత పన్నుకు వేరు చుట్టూ మెత్తటి నారపొర ఉంటుంది, గట్టిగా కొరికితే కాస్త లోపలికి దిగుతుంది. ఇంప్లాంట్ నేరుగా ఎముకకు అంటుకుని ఉంటుంది, దిగదు. అందుకే రెండూ ఒకేసారి తగిలేలా పెడితే గట్టిగా కొరికినప్పుడు బరువంతా ఇంప్లాంట్ మీదే పడుతుంది. 8 మైక్రాన్ల రేకు ఒకటుంటుంది. మెల్లగా నోరు మూస్తే అది ఇంప్లాంట్ పన్ను కింద జారాలి, గట్టిగా కొరికితే పట్టుకోవాలి. రంగు కాగితం పెట్టి బర్‌తో అరగదీశాక నునుపు చేయకుండా ఇంటికి పంపితే మాత్రం ఊరుకోకండి. నున్నటి జిర్కోనియా ఎదురు పన్నును పెద్దగా ఏమీ చేయదు. గరుకుది ఆకురాయిలా రోజూ అరగదీస్తూనే ఉంటుంది.

స్క్రూతో కాకుండా సిమెంటుతో అంటించే పద్ధతీ ఉంది. స్క్రూకు వీలుంటే దాని జోలికి పోవద్దంటాను. చిగురు కింద మిగిలిపోయిన సిమెంటు తునక ముల్లులా గుచ్చుతూ వాపు తెస్తుంది, ఆ తర్వాత చీము, ఎముక అరుగుదల. పన్ను ఎంత అందంగా ఉన్నా అప్పుడు లాభం లేదు.

పది పదిహేనేళ్ళ వారంటీ కార్డు ఇస్తారు, దాన్ని చూసి మురిసిపోకండి. అది సాధారణంగా జిర్కోనియా విరిగితేనే పనికొస్తుంది, సరిగా కూర్చోకపోవడానికి కాదు. దానికంటే విలువైనది ఇంప్లాంట్ డబ్బా మీది స్టిక్కర్: కంపెనీ, వ్యాసం, పొడవు, లాట్ నంబరు. ఒక కంపెనీ స్క్రూకు ఇంకో కంపెనీ డ్రైవర్ చాలాసార్లు పట్టదు. సెలవుల్లో హైదరాబాద్‌లో ఇంప్లాంట్ వేయించుకుని డాలస్ వెళ్ళాక స్క్రూ లూజయితే, అక్కడి డాక్టర్ మొదట అడిగేది అదే. మీకు వేసి మూడు నెలలే అయింది కాబట్టి మీ ఫైల్లో ఇంకా అంటించే ఉంటుంది. అచ్చుకు వెళ్ళిన రోజే ఫోన్‌లో ఫోటో తీసుకోండి.